గోలీల సంచి అడిగిన ఆ అమ్మాయి ఎవరు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర పల్లె. మా అత్తమ్మకు 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన మనిషి, మోకాళ్లు, నడుము ఎప్పుడూ నొప్పే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి గోలీలు తెచ్చుకుని వేసుకునేది. పోయిన నెల నాలుగు రోజులు వాంతులై, కాళ్లు వాచి, మగతగా పడి ఉంటే నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాం. రెండో రోజు తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, ఇంట్లో వాడే గోలీలన్నీ తెచ్చారా అని అడిగింది. లేదంటే మా ఆయన్ని ఊరికి పంపి మరీ తెప్పించింది. అన్నీ మంచం మీద పరిచి అరగంట చూసింది. రెండు షీట్లు పక్కకు తీసింది. ఒకటి నల్లగొండ డాక్టర్ రాసిన బీపీ గోలీ, ఇంకోటి హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ అప్పుడు రాసింది. పేర్లు వేరైనా రెండింట్లో ఉన్నది టెల్మిసార్టాన్ అనే ఒకటే మందట. వెళ్లి డాక్టర్ సారుకు చెప్పింది. ఆ రోజే ఒక బీపీ గోలీ, మోకాళ్ల గోలీ బంద్ చేశారు, షుగర్ గోలీ మార్చారు. ఇంటికి పంపేటప్పుడు అత్తమ్మకు చదువు రాదని చీటీ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఏది ఎప్పుడో చెప్పింది. తను క్లినికల్ ఫార్మసిస్ట్ అంది. మా చిన్నమామ మాత్రం "మెడికల్ షాపు వాళ్లకు డాక్టర్ పనిలో ఏం పని? బిల్లు పెంచడానికే" అంటున్నాడు. నిజమేనా? పాత గోలీలు కవరు నిండా మిగిలాయి, ఏం చేయాలి? అత్తమ్మ మోకాళ్ల గోలీ షీటు ఒకటి ఎక్కడో దాచుకుందని నా అనుమానం. ఇంకో మాట. మా చెల్లి ఇంటర్ బైపీసీ అయిపోయింది. ఆ అమ్మాయి సంగతి విని తనూ ఆ చదువే చదువుతా అంటోంది. చదివించవచ్చా?
– ఒక కోడలు

జవాబు:

చెల్లెమ్మా,

ముందు మీ చిన్నమామ మాట సంగతి చూద్దాం. అది నాకు కొత్త కాదు. మాది మహబూబ్‌నగర్ పక్కన పల్లె. నేనూ క్లినికల్ ఫార్మసిస్ట్‌నే, ఈ పనిలో చేరి పన్నెండేళ్లు దాటింది. ఇప్పటికీ పండక్కి ఊరెళ్తే మా మేనమామ "ఏమ్మా, షాపు ఎట్ల నడుస్తుంది?" అని అడుగుతాడు. షాపు లేదు మామా అంటే, "మరి తెల్లకోటు ఎందుకు?" అంటాడు. ఆయన్ని తప్పు పట్టలేను. మన దగ్గర ఫార్మసిస్ట్ అంటే సర్కారు దవాఖానలో కిటికీ అవతల నుంచి గోలీలు ఇచ్చే మనిషి, లేదా మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే మనిషి. వాళ్ల పని తక్కువదేమీ కాదు. మీ అత్తమ్మ మంచం దగ్గరికి వచ్చిన అమ్మాయి పని వేరే.

పొద్దున్నే వార్డుకొస్తుంది. ఒక్కో కేస్ షీట్ తీసి, రాత్రి ఏ మందు కొత్తగా మొదలుపెట్టారు, రక్త పరీక్షల్లో ఏం మారింది అని చూస్తుంది. ఈ గోలీ ఎందుకు పడుతోంది, ఈ మనిషి బరువుకు, కిడ్నీకి, లివర్‌కు ఈ మోతాదు సరిపోతుందా, పక్కనున్న మందుతో దీనికి పడుతుందా, సూదులు రెండూ ఒకే లైన్‌లో ఎక్కించవచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు వెంట నడుస్తుంది, తేడా కనిపిస్తే అక్కడే చెబుతుంది. మందు రాసేది, మార్చేది డాక్టరే. ఆమె తనంతట తాను ఏ మందూ రాయదు.

ఇక బిల్లు అంటారా, ఆమె వచ్చాక మీ అత్తమ్మ చీటీలోంచి రెండు గోలీలు తగ్గాయి. మీ చిన్నమామకు ఆ లెక్క చెప్పండి.

ఇప్పుడు అసలు ఏం జరిగి ఉంటుందో చెబుతాను. నేను కేస్ షీట్ చూడలేదు, మీ ఉత్తరాన్ని బట్టి చేస్తున్న అంచనా ఇది. బీపీ గోలీల్లో చాలావాటికి జంట మందు కలిపి వస్తుంది. టెల్మిసార్టాన్ ఒక్కటే ఉన్న గోలీ ఉంటుంది, దాంతోపాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిపిన గోలీ కూడా ఉంటుంది. మీ రెండు షీట్లలో ఒకటి అలాంటిదే అయ్యుండాలి. పైనుంచి మోకాళ్ల గోలీ. ఆర్‌ఎంపీల దగ్గర దొరికేది చాలాసార్లు డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్.

కిడ్నీని ఒక చిన్న చెరువు అనుకోండి. కాలువలోంచి రక్తం వస్తుంది, తూములోంచి పోతుంది. నీటి మట్టం కొంత నిలబడితేనే మధ్యలో వడపోత జరుగుతుంది. నొప్పి గోలీ ఆ కాలువను సన్నం చేస్తుంది. టెల్మిసార్టాన్ తూమును వెడల్పు చేస్తుంది (షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీకి మామూలు రోజుల్లో అది మేలే చేస్తుంది, దాన్ని తిట్టుకోకండి). మూత్రం మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మీ అత్తమ్మకు ఇవన్నీ ఉండగానే నాలుగు రోజుల వాంతులు వచ్చి పడ్డాయి. కాలువ ఎండింది, తూము బార్లా తెరిచి ఉంది. మట్టం పడిపోయింది, క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరిగింది. కాళ్ల వాపు దాని వల్లే అయ్యుండొచ్చు.

అది అక్కడితో ఆగదు. కిడ్నీ నెమ్మదిస్తే షుగర్ గోలీలు ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి నిలిచిపోయి, తిండి లేని మనిషికి షుగర్‌ను మరీ కిందికి లాగుతాయి. ఆ మగత అదే కావచ్చు. మెట్‌ఫార్మిన్‌కైతే గీతే ఉంది: రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది, కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె, అది 30 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. షుగర్ గోలీ ఎందుకు మార్చారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇందులో నల్లగొండ డాక్టర్ తప్పు రాయలేదు. హైదరాబాద్ వాళ్లూ రాయలేదు, ఆపరేషన్‌కి ముందు బీపీ ఎక్కువుంటే తగ్గించారు, అంతే. ఆమె అప్పటికే ఏం వాడుతోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆర్‌ఎంపీకి ఈ రెండు చీటీల సంగతీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ముందుగా మూడు చోట్ల జాగ్రత్త పడమంది: ప్రమాదం ఎక్కువున్న మందులూ సందర్భాలూ, ఒకే మనిషి ఎక్కువ మందులు వాడటం, మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారడం. మీ అత్తమ్మ కేసులో మూడూ ఉన్నాయి చూడండి. ఆ అమ్మాయి మీ ఆయన్ని ఊరికి పంపి సంచి తెప్పించింది అందుకే. ఆ సంచిలో ఏముందో తెలియకుండా కొత్తగా ఏం రాసినా చీకట్లో రాసినట్టే.

"డాక్టర్ పనిలో ఏం పని" అన్న మాటకు ఒక పాత లెక్క ఉంది. అమెరికాలో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో ఫార్మసిస్ట్‌ను డాక్టర్లతోపాటు రౌండ్స్‌లో తిప్పి చూశారు. 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందు రాయడంలో పొరపాట్ల వల్ల జరిగే, ఆపగలిగిన హాని 66 శాతం తగ్గింది. ఫార్మసిస్ట్ 366 సూచనలు చేస్తే డాక్టర్లు 362 ఒప్పుకున్నారు. నాకు మొదటి లెక్క కన్నా రెండోదే ముచ్చట. మంచి డాక్టర్‌కు ఇంకో జత కళ్లు ఎప్పుడూ అడ్డం కాదు. అడ్డమనుకునే వాళ్లనూ చూశాను, లేకపోలేదు.

వార్డులో మీకు కనపడని పనులు ఇంకా చాలా ఉంటాయి. ముక్కు గొట్టం పెట్టిన పేషెంట్‌కు గోలీలు నూరి నీళ్లలో కలిపి పోస్తారు కదా. కొన్ని గోలీలు రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారుచేస్తారు, పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని ఉంటుంది. వాటిని నూరితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్ సూదిని గ్లూకోజ్ సీసాలో కలిపితే అడుగున ముక్కలు ముక్కలుగా పేరుకుంటుంది. దాన్ని సెలైన్‌లోనే కలపాలి. పొటాషియం క్లోరైడ్ చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది, నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆపేస్తుంది. దాన్ని వార్డు అల్మారాలో మామూలు సీసాల మధ్య ఉంచనీయకుండా పోట్లాడటం కూడా మా పనే. డోపమిన్, డోబుటమిన్ లాంటి ఒకేలా వినపడే పేర్లున్న మందులు పక్కపక్కన పెట్టకుండా చూడటం ఇంకోటి. ఇవన్నీ జరగకుండా ఆపిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే మా పని ఎవరికీ కనపడదు.

మా వల్ల కూడా తప్పులు జరుగుతాయి. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ దవాఖాన అన్నది ఇక్కడ అవసరం లేదు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొద్దున 20 యూనిట్లు. పొట్ట మీద ఎక్కడ పొడుచుకోవాలి, ఫ్రిజ్ లేకపోతే కుండలో ఎలా పెట్టుకోవాలి, అన్నీ నేర్పాను. ఆయనా అప్పజెప్పాడు. నెల తిరిగేసరికి షుగర్ 400తో మళ్లీ వచ్చాడు. సూది మానేశారా అంటే ఒట్టేసి లేదన్నాడు. డాక్టర్ మోతాదు 30 చేశారు. కొత్త సిరంజీలు దవాఖాన షాపులోనే కొనుక్కుని వెళ్లాడు. మూడో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, పలకకుండా పడిపోతే 108లో తీసుకొచ్చారు.

ఆయన పాత సిరంజీ కొడుకు జేబులో ఉంది. దాని మూత నారింజ రంగు. అది చూడగానే నా కాళ్లలో సత్తువ పోయింది.

మన దగ్గర ఇన్సులిన్ బుడ్డి చాలావరకు మిల్లీ లీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి, దాని మీద 40 గీతల లెక్క ఉంటుంది. నారింజ మూతది 100 లెక్క సిరంజీ. ఊళ్లో షాపు వాళ్లు చేతికందింది ఇచ్చారు. 40 బుడ్డి నుంచి నారింజ సిరంజీతో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. నెలంతా ఆయన 8 తీసుకున్నాడు. తర్వాత మా షాపులో ఎర్ర మూతది దొరికింది. అంటే 8 నుంచి ఒక్క గెంతులో 30కి వెళ్లాడు. గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చుని, "బిడ్డా, నువ్వు చెప్పినట్టే గీత చూసే తీశాను" అన్నాడు. నిజమే, గీత చూశాడు. ఏ సిరంజీ గీతో నేను చెప్పలేదు. ఆయన రెండోసారి వచ్చినప్పుడు సిరంజీ చూపించమని అడగాలని నాకు తట్టలేదు. అప్పటి నుంచి ఎవరికి ఇన్సులిన్ నేర్పినా బుడ్డి, సిరంజీ రెండూ బల్ల మీద పెట్టించి, వాళ్ల చేత్తో లాగి చూపించమంటాను. మీ అత్తమ్మకు కూడా ఇన్సులిన్ మొదలుపెట్టి ఉంటే ఈ రాత్రే మూత రంగు చూడండి. తేడా ఉంటే మోతాదు మీరు సర్దకండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మీకు ఆ అమ్మాయి దొరకడం అదృష్టమే, అందులో అనుమానం లేదు. మన జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. పడకలు పెరిగాయి, డాక్టర్లు పెరిగారు. మందు చూసే మనిషి కూడా వార్డుకొకరు ఉండాలని నేను ఎక్కడ మాట్లాడినా అంటూనే ఉంటాను. అప్పటిదాకా ఆ పనిలో సగం మీలాంటి కోడళ్లే చేయాలి.

ఎలాగంటారా? దవాఖానకు బయల్దేరేటప్పుడు ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు ఎలా మర్చిపోరో గోలీల సంచి అలా పట్టుకెళ్లండి. గోలీలు విడిగా డబ్బాలో పోసి తేవద్దు, షీట్లతోనే తేవాలి. షీటు చింపేటప్పుడు పేరు, తేదీ ఉన్న కొస చివరిదాకా ఉంచండి. పెద్దగా కనిపించే కంపెనీ పేరు కాకుండా, దానితోపాటు ఉండే అసలు మందు పేరు చూడటం అలవాటు చేసుకోండి. రెండు షీట్ల మీద ఒకే మాట కనపడితే అడగండి, తప్పేం లేదు. గ్యాస్ గోలీ, కంటి చుక్కలు, నాటు మందు, ఆకు పసరు, ఆర్‌ఎంపీ వేసిన సూది కూడా చెప్పాలి. "అది మందు కాదు కదా" అని మనవాళ్లు దాచేదే ఎక్కువ కీడు చేస్తుంది. ఎప్పుడైనా ఏ మందుకైనా దద్దురు వచ్చిందా, మొహం వాచిందా, అదీ చెప్పండి.

ఇంటికి పంపే రోజు మనకందరికీ తొందరే. బస్సు టైము, బిల్లు టెన్షన్. అయినా ఒక్క పది నిమిషాలు ఆగి, పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి అడగండి. ఇందులో కొత్తగా వచ్చింది ఏది, బంద్ అయింది ఏది, మోతాదు మారింది ఏది? కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే గోలీ ఉంది, చాలామందికి అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి వచ్చినవాళ్లను చూశాను. వాళ్లను ఆ పది నిమిషాలు ఎవరూ ఆపలేదు.

మందు వేసుకున్నాక ఏదైనా తేడా చేస్తే ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి. తర్వాత దాన్ని ప్రభుత్వానికి కూడా తెలియజేయవచ్చు. 2010 నుంచి దేశంలో దీనికో కార్యక్రమం నడుస్తోంది, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. డాక్టరే చెప్పాలని లేదు, మామూలు మనుషులూ ఫోన్ చేయవచ్చు.

పాత గోలీల కవరు సంగతి. కొత్తవాటితో కలిపి ఉంచకండి. వేరే కవర్లో కట్టి, మీద "బంద్" అని పెద్దగా రాసి, అత్తమ్మకు అందనంత ఎత్తులో పెట్టండి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు తీసుకెళ్లి, ఏవి పూర్తిగా పారేయాలో అడగండి. "పాపం, పైసలు పెట్టి కొన్నవి" అని పక్కింటి వాళ్ల మోకాళ్లకు మాత్రం ఇవ్వకండి.

మోకాళ్ల నొప్పి సంగతి కొంచెం కష్టం. మీ చండూరు, మునుగోడు, మర్రిగూడ వైపు ఒక తరం మొత్తం ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లే. మీ అత్తమ్మ నొప్పి ఉట్టి మాట కాదు, గోలీ లాక్కున్నామని ఆమెకు కోపం రావడమూ సహజమే. కానీ ఆ గోలీ నొప్పిని కాసేపు మరిపిస్తుంది, ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను అది కదిలించలేదు. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీయే, నొప్పి గోలీ చెడగొట్టేదీ దాన్నే. కాబట్టి బోరు నీళ్లు పూర్తిగా మాన్పించి మిషన్ భగీరథ కుళాయి నీళ్లే తాగించండి, వంటకూ అవే వాడండి. నొప్పికి పారాసెటమాల్ ఎంతవరకు వాడవచ్చో, పైపూత మందు ఏదైనా పనికొస్తుందో డాక్టర్‌ను నేరుగా అడగండి. వేడి కాపడం, ఫిజియోథెరపీ వాళ్లు నేర్పే కాళ్ల కసరత్తు రోజూ చేయిస్తే నెల రోజుల్లో కొంత తేడా తెలుస్తుంది. ఆర్‌ఎంపీకి కూడా ఒక మాట చెప్పి పెట్టండి, "మా అత్తమ్మకు కిడ్నీ దెబ్బతింది, నొప్పి సూది వేయొద్దు" అని. అడగ్గానే సూది వేసేది ఆయనే కదా.

ఇంకొకటి గుర్తుంచుకోండి. మళ్లీ ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు మొదలైతే బీపీ గోలీ, షుగర్ గోలీ వేయాలా ఆపాలా అని ఆ రోజే ఫోన్ చేసి అడగండి. నాలుగు రోజులు చూడొద్దు.

మీ చెల్లి చదువు: ఫార్మ్-డి అంటారు, ఆరేళ్లు. ఐదేళ్లు చదువు, చివరి ఏడు దవాఖానలో ఇంటర్న్‌షిప్. మన దేశంలో 2008లో మొదలైంది. బైపీసీ వాళ్లు ఎప్‌సెట్ రాసి చేరవచ్చు. ఉద్యోగాల సంగతి తియ్యగా చెప్పలేను. సర్కారులో పోస్టులు చాలా తక్కువ, ప్రైవేటులో మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తారు. చాలామంది చివరికి వార్డు వదిలి కంపెనీల్లో మందుల సేఫ్టీ రిపోర్టులు చూసే ఉద్యోగాలకు వెళ్తున్నారు, అక్కడ జీతాలు మెరుగే. కాలేజీ ఎంచుకునేటప్పుడు రంగుల బ్రోచర్ చూడకుండా, విద్యార్థులను ఏ ఆసుపత్రికి పంపుతారు, రోజూ వార్డుకు వెళ్లనిస్తారా అని అక్కడ చదివే పిల్లల్నే అడగండి. మంచం పక్కన నిలబడని ఫార్మ్-డి చదువు చెరువు చూడకుండా ఈత నేర్చుకోవడమే. ఇదంతా విన్నాక కూడా చదువుతానంటే చదివించండి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోవాలా అని అడిగి, రిపోర్టు, బొమ్మల చీటీ, రెండు కవర్లూ తీసుకెళ్లండి. ఆ అమ్మాయి ఓపీ టైములో ఉంటుందేమో కనుక్కుని, ఆమెకు కూడా ఒకసారి చూపించండి. అత్తమ్మను ఇంట్లో వదిలి వెళ్లకండి, ఆ దాచిన షీటు ఎక్కడుందో చెప్పాల్సింది ఆమే. మీరడిగితే చెప్పదు, సూర్యుడు చంద్రుడు బొమ్మలు గీసిన పిల్ల అడిగితే చెబుతుంది.